బెలూన్ నుంచి వదిలిన రాయికి తొలివేగం సున్నా ఎందుకు కాదు?

వెన్నెల_ఎంపీసీ

నేను ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలోనే చదివాను. సరళరేఖలో గమనం గురించిన పాఠంలోని సూత్రాలన్నీ నాకు నోటికి వచ్చు; అయినా లెక్క మొదలుపెట్టగానే ఏ సంఖ్యను ఏ అక్షరం స్థానంలో వేయాలో తేలక ఆగిపోతున్నాను.

నిన్నటి లెక్క ఇది. సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి పోతున్న బెలూన్ నేల నుంచి 75 మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు అందులోంచి ఒక రాయిని వదిలారు. ఆ రాయి ఎంతసేపటికి నేలను చేరుతుంది? భూమి లాగడం వల్ల కలిగే త్వరణం జీ విలువ 10 మీ/సె² అనుకోవాలి. “వదిలారు” అన్నారు కాబట్టి తొలివేగం (యు) సున్నా, పట్టే కాలం టి అనుకొని 75 = 5టి² అని రాశాను. 3.87 సెకన్లు వచ్చింది. పుస్తకం వెనక ఉన్న జవాబు 5 సెకన్లు.

ఎవరూ విసరకుండా, చేతిలోంచి జారవిడిచిన రాయికి వేగం ఎక్కడి నుంచి వచ్చింది? తరగతిలో అడిగితే “యు బదులు మైనస్ 10 వేయి” అన్నారు. వేస్తే జవాబు వచ్చింది గాని, ఎందుకు వేయాలో మాత్రం తెలియలేదు.

సాయంత్రం_ట్యూషన్

అడగవలసిన ప్రశ్నే అడిగావమ్మా. బస్సు పూర్తిగా ఆగకముందే దిగినవాళ్లు బస్సు పోయే వైపే నాలుగడుగులు పరుగెత్తడం నువ్వు చూసే ఉంటావు. వాళ్లను ఎవరూ తోయలేదు; దిగే క్షణం దాకా బస్సుకు ఉన్న వేగమే వాళ్లకూ ఉంది. బెలూన్‌లోని రాయి కూడా వదిలే క్షణం దాకా సెకనుకు 10 మీటర్ల చొప్పున పైకి పోతూనే ఉంది. చెయ్యి తీసేసినంత మాత్రాన ఆ వేగం మాయం కాదు. ఆ క్షణాన మారేది త్వరణం ఒక్కటే: అప్పటిదాకా సున్నాగా ఉన్నది కిందివైపు 10 మీ/సె² అవుతుంది.

ఇక లెక్క. సూత్రం జోలికి పోకముందే కాగితం మీద ఒక నిలువు గీత గీసుకో. రాయిని వదిలిన చోటు సున్నా అని, పైవైపు ధనం అని ఆ గీత పక్కనే రాసిపెట్టుకో. అప్పుడు తొలివేగం +10, త్వరణం −10, నేలను చేరేసరికి స్థానభ్రంశం −75 అవుతాయి. ఎస్ = యుటి + ½ఏటి² లో (ఎస్ స్థానభ్రంశం, యు తొలివేగం, ఏ త్వరణం, టి కాలం) వీటిని వేస్తే −75 = 10టి − 5టి², అంటే టి² − 2టి − 15 = 0. దీని మూలాలు 5, −3. కాలం ఋణం కాదు కాబట్టి జవాబు 5 సెకన్లు.

గ్రాఫుకాగితం

ఈ లెక్కకు వర్గసమీకరణం కూడా అవసరం లేదు. రాయి వేగం ప్రతి సెకనుకూ 10 చొప్పున తగ్గుతుంది కాబట్టి 1 సెకను గడిచేసరికి అది సున్నా అవుతుంది. ఆ సెకనులో సగటు వేగం 5 కాబట్టి రాయి 5 మీటర్లు పైకి పోతుంది. అంటే ఇప్పుడది నేలకు 80 మీటర్ల ఎత్తులో, సున్నా వేగంతో ఉంది. 80 = 5టి² అయితే టి = 4. ఒకటీ నాలుగూ అయిదు.

వెన్నెలా, నువ్వు రాసిన సమీకరణమే ఇక్కడ మళ్లీ వచ్చిందని గమనించు. నీ సమీకరణంలో తప్పు లేదు, దాన్ని మొదలుపెట్టిన క్షణంలో తప్పు ఉంది. వేగం నిజంగా సున్నా అయిన క్షణం నుంచి అది సరిగ్గా పనిచేస్తుంది.

దీన్నే వేగ-కాల గ్రాఫ్‌గా గీస్తే ఒక్క సరళరేఖ వస్తుంది. +10 దగ్గర మొదలై, 1వ సెకను దగ్గర అడ్డగీతను దాటి, 5వ సెకనుకు −40 చేరుతుంది. అడ్డగీతకు పైనున్న చిన్న త్రిభుజం వైశాల్యం 5, కిందనున్న పెద్ద త్రిభుజం వైశాల్యం 80. రెండింటి తేడా 75 స్థానభ్రంశం. రెండింటి మొత్తం 85 రాయి నిజంగా తిరిగిన దూరం. దూరానికీ స్థానభ్రంశానికీ మధ్య తేడా నాకు నిర్వచనం చదివితే అర్థం కాలేదు, ఈ రెండు త్రిభుజాలను చూసిన రోజున అర్థమైంది.

బావిగట్టు

గ్రాఫుకాగితం గారు చెప్పిన ఆ 80 మీటర్లను ఇంకో విధంగా కూడా చూడవచ్చు. నిశ్చల స్థితి నుంచి పడే వస్తువు మొదటి సెకనులో 5, రెండో సెకనులో 15, మూడో సెకనులో 25, నాలుగో సెకనులో 35 మీటర్లు పడుతుంది, కూడితే 80. ఈ 1 : 3 : 5 : 7 వరుసను గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో చెప్పాడు. నిట్టనిలువుగా పడే వస్తువు వేగాన్ని కొలిచే గడియారాలు ఆ రోజుల్లో లేవు. అందుకని ఆయన వాలు పలక మీది గాడిలో గోళాన్ని దొర్లించి, పాత్రలోంచి సన్నగా కారిన నీటిని తూచి కాలాన్ని కొలిచాడు. మా పాఠశాలలో పిల్లలకు సూత్రం కన్నా ముందు ఈ బేసి సంఖ్యల వరుసనే చెబుతాను, ఎందుకంటే వేగం పెరగడం అంటే ఏమిటో అందులో కళ్లకు కనిపిస్తుంది.

టైమ్‌కీపర్

వివరణలు బాగున్నాయి. కానీ ఈ అమ్మాయి వచ్చే ఏడాది రాయబోయే పరీక్షను కూడా మనం మరచిపోకూడదు. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు ఉంటాయి, అందులో 40 ఫిజిక్సువి. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన కొద్ది సెకన్లే దొరుకుతాయి. ఆ వ్యవధిలో గీతలు గీసి, గుర్తులు నిర్ణయించుకొని, గ్రాఫులు వేసుకుంటూ కూర్చుంటే పేపరు పూర్తి కాదు.

నేను పదకొండేళ్లుగా కోచింగ్ తరగతుల్లో చెబుతున్నది ఒక్కటే. పడిపోయే వస్తువుల లెక్కల్లో ఎప్పుడూ కిందివైపే ధనం. బెలూన్ పైకి పోతుంటే హెచ్ = −యుటి + ½జీటి², దిగుతుంటే హెచ్ = యుటి + ½జీటి². ఈ రెండు పంక్తులు గుర్తుంటే పది సెకన్లలో జవాబు వస్తుంది.

సాయంత్రం_ట్యూషన్

టైమ్‌కీపర్ గారూ, కిందివైపును ధనం అనుకోవడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఏ వైపును ధనం అన్నా జవాబు ఒకటే, మధ్యలో మార్చకుండా ఉంటే చాలు. నా అభ్యంతరమంతా “ఎప్పుడూ” అన్న మాట మీద, ఒక్కో సందర్భానికి ఒక్కో పంక్తిని గుర్తుపెట్టుకోవడం మీద. పైకి పోయే బెలూన్‌కు ఒకటి, దిగే బెలూన్‌కు ఒకటి, గోపురం మీది నుంచి పైకి విసిరితే ఇంకొకటి అని చేర్చుకుంటూ పోతే పిల్లలకు ఇరవై పంక్తులు అవుతాయి. పరీక్ష గదిలో వాటిలో ఏది తీయాలో తేల్చుకోవడానికే ఆ పది సెకన్లు సరిపోవు.

పోయిన వారం నా దగ్గరి ఒక అబ్బాయి చేసిన లెక్క చెబుతాను. సెకనుకు 25 మీటర్ల వేగంతో పైకి విసిరిన రాయి మూడో సెకనులో తిరిగిన దూరం ఎంత? ఆ అబ్బాయి ‘ఎన్’వ సెకనుకు చెప్పే యు + ఏ(ఎన్ − ½) సూత్రాన్ని గుర్తుచేసుకొని, 25 − 10 × 2.5 = 0 అని గీత గీసేశాడు. రాయి మూడో సెకనంతా గాలిలో కదలకుండా ఉందా అని అడిగితే తెల్లబోయాడు. ఆ రాయి 2.5 సెకన్లకు పైకొసకు చేరుతుంది. మూడో సెకను మొదటి సగంలో 1.25 మీటర్లు ఎక్కి, రెండో సగంలో అంతే దిగుతుంది. స్థానభ్రంశం సున్నా, దూరం 2.5 మీటర్లు. సూత్రం స్థానభ్రంశాన్ని చెప్పింది, ప్రశ్న దూరాన్ని అడిగింది.

వెన్నెల_ఎంపీసీ

బస్సు ఉదాహరణతో తొలివేగం సంగతి తెలిసింది, రెండు త్రిభుజాలు కూడా గీసి చూసుకున్నాను. ఇప్పుడు ఇంకొక సందేహం వచ్చింది. మూలాల్లో −3 కూడా వచ్చింది కదా. కాలం ఋణం కాదు కాబట్టి వదిలేయాలని మాస్టారు అన్నారు. లెక్కంతా సరిగ్గా చేసినప్పుడు తప్పు జవాబు ఎందుకు వస్తుంది? అది పూర్తిగా అర్థం లేని సంఖ్యేనా?

తుంగభద్ర

అది అర్థం లేని సంఖ్య కాదు. “వదిలేయాలి” అన్న మాటకు ముందు ఒక వాక్యం చేర్చాలి. సమీకరణానికి బెలూన్ సంగతి తెలియదు. సున్నా క్షణాన ఈ చోట, ఈ వేగంతో, ఈ త్వరణంతో ఒక రాయి ఉందని మాత్రమే మనం దానికి చెప్పాం. అలాంటి రాయి నేల మట్టంలో ఎప్పుడెప్పుడు ఉంటుందని అడిగాం. అది రెండు క్షణాలను చెప్పింది: 5 సెకన్ల తరవాత ఒకసారి, 3 సెకన్ల ముందు ఒకసారి.

ఆ రెండోదాన్ని సరిచూద్దాం. 3 సెకన్ల ముందు వేగం 10 + 30 = 40 ఉండాలి. నేల మీది నుంచి ఒక రాయిని సెకనుకు 40 మీటర్ల వేగంతో పైకి విసిరితే 3 సెకన్లకు 120 − 45 = 75 మీటర్ల ఎత్తుకు చేరుతుంది, అప్పటికి దాని వేగం 10 ఉంటుంది. అంటే అది మన బెలూన్ పక్కనే, మన రాయి వదిలిన వేగంతోనే ఉంటుంది. అక్కడి నుంచి రెండు రాళ్లూ ఒకదాన్నొకటి విడవకుండా పోయి ఒకేసారి నేలను తాకుతాయి. మన రాయి ఆ 3 సెకన్లూ బెలూన్‌లో ఉంది కాబట్టి, మన కథకు −3 వర్తించదు. లెక్క ఏ క్షణం నుంచి మొదలవుతుందో మనమే నిర్ణయించాం, సమీకరణం నిర్ణయించలేదు.

వెన్నెల_ఎంపీసీ

విసిరిన వేగం 40, నేలను తాకే వేగం కూడా 40. గ్రాఫుకాగితం గారి గీతను వెనక్కి పొడిగిస్తే −3 దగ్గర +40 వస్తోంది. చాలా సంతోషంగా ఉంది.

మళ్లీ_చదువుతున్నా

ఉద్యోగ పరీక్షల కోసం పన్నెండేళ్ల తరవాత ఈ పాఠాలు మళ్లీ తెరిచాను. నాది ఇంకో రకం ఇబ్బంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతున్న కారుకు బ్రేకు వేశారు; దాని వేగం సెకనుకు 5 మీ/సె చొప్పున తగ్గుతుంది; 6 సెకన్లలో ఎంత దూరం పోతుంది? సాయంత్రం_ట్యూషన్ గారు చెప్పినట్టే తొలివేగం +20, త్వరణం −5 అని రాసి, 120 − 90 = 30 మీటర్లు అన్నాను. జవాబు 40 అని ఉంది. గుర్తులు సరిగ్గానే వేశాను, లెక్క రెండుసార్లు చూసుకున్నాను.

గ్రాఫుకాగితం

గ్రాఫ్ గీయండి. 20 దగ్గర మొదలైన గీత 4వ సెకనుకే అడ్డగీతను తాకుతుంది. కారు 4 సెకన్లకు ఆగిపోయింది, ½ × 4 × 20 = 40 మీటర్లు పోయింది. మిగిలిన 2 సెకన్లూ అక్కడే ఉంది. మీ సూత్రం ఆ 2 సెకన్లలో కారును 10 మీటర్లు వెనక్కి నడిపింది.

కాజీపేట_లోకో

నేను రైలు నడుపుతాను; ఈ లెక్క నా వృత్తిలో రోజూ ఉండేదే కాబట్టి ఒక మాట చెబుతాను. బ్రేకు పట్టు చక్రం తిరుగుతున్నంతసేపే బండిని నెమ్మది చేస్తుంది; బండి ఆగిన తరవాత దాన్ని వెనక్కి తోయదు. సూత్రంలోని త్వరణం ఎంతసేపు అదే విలువతో ఉంటుందో అంతసేపే సూత్రం చెల్లుతుంది. అందుకని బ్రేకు లెక్కల్లో ముందు “ఎప్పుడు ఆగుతుంది” అన్నది తేల్చుకొని, ఆ తరవాతే అడిగిన కాలాన్ని చూడాలి.

ఇంకొకటి కూడా ఈ పాఠంలోనే ఉంది, దాన్ని పిల్లలకు గట్టిగా చెప్పాలని నా కోరిక. వి² = యు² + 2ఏఎస్ లో తుదివేగం సున్నా అయితే ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. సెకనుకు అర మీటరు చొప్పున వేగం తగ్గే బండి గంటకు 72 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి 400 మీటర్లు పడితే, 144 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి 1,600 మీటర్లు పడుతుంది. వేగం రెండింతలు, దూరం నాలుగింతలు. పట్టాలు దాటేవారు దూరంగా కనిపిస్తున్న బండిని చూసి “ఇంకా సమయం ఉంది, డ్రైవరు మనల్ని చూశాడు” అనుకుంటారు. చూడటం వేరు, ఆపగలగడం వేరు. క్యాబిన్‌లో కూర్చొని హారన్ మోగిస్తూ ఆ దూరం తరిగిపోవడాన్ని చూసినవాడికి ఈ సమీకరణం పుస్తకంలోది అనిపించదు.

మళ్లీ_చదువుతున్నా

లోకో గారూ, మీ మాట చదివాక నా మోటారు సైకిలుకు లెక్క వేసుకున్నాను. గంటకు 45 కిలోమీటర్లంటే సెకనుకు 12.5 మీటర్లు. వేగం సెకనుకు 5 చొప్పున తగ్గుతుందనుకుంటే 15.6 మీటర్లలో ఆగుతుంది. గంటకు 90 అయితే 62.5 మీటర్లు కావాలి. అడ్డం వచ్చినదాన్ని చూసి బ్రేకు తొక్కేలోపు ఒక సెకను గడిచినా, 90 దగ్గర ఆ ఒక్క సెకనులోనే 25 మీటర్లు పోతాను. మొత్తం 87.5 మీటర్లు.

వెన్నెల_ఎంపీసీ

ఇక్కడే నాకు చిక్కు పడింది. కారు వేగం సున్నా అయ్యాక లెక్క ఆపేయమన్నారు. పైకి విసిరిన రాయి వేగం కూడా పైకొసలో సున్నా అవుతుంది కదా, అక్కడ ఎందుకు ఆపకుండా అదే సమీకరణంతో నేల దాకా పోయాం? వేగం సున్నా అయితే త్వరణం కూడా సున్నా అయినట్టే కదా?

సాయంత్రం_ట్యూషన్

నా ముప్పై ఏళ్ల బోధనలో ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి అడిగినవాళ్లు చాలా తక్కువమందమ్మా. జవాబు లోకో గారి మాటలోనే ఉంది. కారు ఆగగానే దాన్ని నెమ్మది చేస్తున్న కారణం పోయింది. రాయి పైకొసకు చేరినా భూమి దాన్ని లాగడం మానలేదు. అక్కడ వేగం సున్నా, త్వరణం మాత్రం మునుపటిలాగే కిందివైపు 10. ఒకవేళ ఆ క్షణంలో త్వరణం కూడా సున్నా అయితే, వేగాన్ని మార్చేది ఏదీ ఉండదు కాబట్టి రాయి పైనే నిలిచిపోవాలి. త్వరణం అంటే వేగం ఎంత ఉన్నదన్నది కాదు, అది ఎంత చొప్పున మారుతున్నదన్నది.

పదం_పదార్థం

ఈ గందరగోళంలో మన పదాలకూ కొంత పాలు ఉంది. త్వరణం అన్న మాట వినగానే తెలుగు పిల్లలకు “త్వరగా” గుర్తుకొస్తుంది. త్వరగా పోయేదానికి త్వరణం ఎక్కువ, ఆగినదానికి త్వరణం ఉండదు అని మనసు ముందే తీర్మానించుకుంటుంది. సెకనుకు 200 మీటర్ల స్థిరమైన వేగంతో ఒకే దిశలో పోయే విమానానికి త్వరణం సున్నా అని, అప్పుడే నిలిచిన చోటు నుంచి కదలబోతున్న ఎడ్లబండికి త్వరణం ఉందని చెబితే నమ్మలేకపోతారు. వాడుకలో వడి, వేగం ఒకటే. ఫిజిక్సులో వడికి దిశ లేదు, వేగానికి దిశ ఉంది.

అన్నింటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది “ఋణ త్వరణం”. నెమ్మదించడం అనే అర్థంలో ఈ మాటను వాడి వాడి, త్వరణం ముందు ఋణ గుర్తు కనిపిస్తే చాలు వస్తువు నెమ్మదిస్తున్నదని పిల్లలు అనుకుంటున్నారు. వెన్నెల లెక్కలో పైవైపు ధనం కాబట్టి త్వరణం మొదటి నుంచి చివరి దాకా −10 గానే ఉంది. అయినా మొదటి సెకనులో రాయి నెమ్మదించింది, తరవాతి 4 సెకన్లూ వేగం పుంజుకుంది. ఆ గుర్తు చెప్పేది దిశను. వేగమూ త్వరణమూ ఒకే వైపు ఉంటే వడి పెరుగుతుంది, ఎదురెదురుగా ఉంటే తగ్గుతుంది.

టైమ్‌కీపర్

ఋణ త్వరణం గురించి మీరు చెప్పింది నిజం, నా తరగతిలోనూ ఇదే పొరపాటు ప్రతి ఏడాదీ చూస్తున్నాను. సాయంత్రం_ట్యూషన్ గారి మూడో సెకను లెక్క చదివిన తరవాత రాత్రి ఆలోచించాను. ఆ సూత్రాన్ని నేను ఎలాంటి హెచ్చరికా లేకుండా చెబుతూ వచ్చాను. ఇకపై వస్తువు ఆ సెకను మధ్యలో వెనక్కి తిరుగుతుందేమో ముందు చూసుకోమని చెబుతాను.

కానీ సూత్రాలను కంఠస్థం చేయడమే తప్పు అంటే ఒప్పుకోను. సూత్రం వెంటనే నోటికి రానివాడు గీత గీసుకొని కూడా ముందుకు పోలేడు. ఎక్కం రానివాడికి భాగహారం ఎంత అర్థమైనా చేతికి రాదు కదా.

వెన్నెల_ఎంపీసీ

ఆ ‘ఎన్’వ సెకను సూత్రం గురించి నాకూ ఒక అనుమానం ఉంది సర్. యు + ఏ(ఎన్ − ½) అన్నదానిలో యు వేగం. వేగానికి ఇంకొక వేగాన్నే కలపాలి, వచ్చేది కూడా వేగమే కావాలి. కానీ ఎడమవైపు ఉన్నది దూరం. మితులు సరిపోవడం లేదు.

టైమ్‌కీపర్

చాలా చక్కని ప్రశ్న. ఆ సూత్రంలో “1 సెకను” అనే గుణకం దాగి ఉంది. ఎన్ సెకన్ల స్థానభ్రంశం నుంచి ఎన్ − 1 సెకన్ల స్థానభ్రంశాన్ని తీసేస్తే యు × (1 సెకను) అన్న పదం వస్తుంది. ఒకటితో గుణిస్తే విలువ మారదు కాబట్టి దాన్ని రాయడం మానేశాం. దాన్ని తిరిగి రాస్తే మితులు సరిపోతాయి. యు + ఏ(ఎన్ − ½) నిజానికి ఆ సెకను నడిమి క్షణంలోని వేగం. సమత్వరణం ఉన్నప్పుడు ఆ సెకను సగటు వేగం కూడా అదే.

బావిగట్టు

మా ఊళ్లో చేసిన ఒక ప్రయోగం చెబుతాను, సూత్రం ఎంతవరకు నమ్మదగినదో తెలుస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలను పాత బావి దగ్గరకు తీసుకుపోయి, గట్టుకు దూరంగా నిలబెట్టి, నేను రాయి వదిలాను. నీళ్ల చప్పుడు వినిపించేసరికి ఫోన్‌లోని స్టాప్‌వాచ్ 2 సెకన్లు చూపింది. ½ × 9.8 × 4 ప్రకారం నీటి మట్టం 19.6 మీటర్ల లోతులో ఉండాలి. ఒక పాప చెయ్యెత్తి, “చప్పుడు పైకి రావడానికి కూడా సమయం పడుతుంది కదండీ” అంది. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లుగా తీసుకొని మళ్లీ వేస్తే 18.5 మీటర్ల దగ్గరకు వచ్చింది. ఒక మీటరు పైగా తేడా.

అయితే అసలు తేడా మా వేళ్లలో ఉంది. నీటిని తాకే ముందు రాయి వేగం సెకనుకు 19 మీటర్లకు పైనే కాబట్టి, స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను ఆలస్యమైతే దాదాపు 4 మీటర్లు తేడా వస్తుంది. చివరకు తాడు వేసి కొలిస్తే 17 మీటర్లు వచ్చింది. పిల్లలు ఆ రోజంతా తేడా ఎక్కడిదని వాదించుకుంటూనే ఉన్నారు.

ఎడిసన్_నాన్న

టైమ్‌కీపర్ గారి ఎక్కాల పోలిక మీద ఒక మాట. మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఫిజిక్స్ పరీక్షలో సూత్రాల పట్టికను పరీక్షతో పాటే ఇస్తారు. అయినా తనకు ఈ లెక్కలు సులువుగా రావడం లేదు. పట్టిక ఎదురుగా ఉన్నా ఏది చెల్లుతుందో తెలియకపోతే ప్రయోజనం లేదని కళ్లారా చూస్తున్నాను. వేసవిలో నేను తనకు నా ఇంటర్ నాటి లెక్క ఒకటి ఇచ్చాను: ఒక కణం స్థానం ఎక్స్ = టి³ − 6టి² + 9టి మీటర్లు; 4 సెకన్ల దగ్గర దాని వేగం ఎంత, ఆ 4 సెకన్లలో అది తిరిగిన దూరం ఎంత? కలనం కొంత నేర్చుకుంది కాబట్టి త్వరణం 6టి − 12 అని సరిగ్గానే కట్టింది. 4 దగ్గర అది 12 వచ్చింది. వెంటనే పట్టిక చూసి వి = యు + ఏటి లో వేసి, 9 + 48 = 57 అంది. తప్పని తెలుసు గాని, తనకు నచ్చజెప్పే మాట నాకు దొరకలేదు.

గ్రాఫుకాగితం

వి = యు + ఏటి అన్నది త్వరణం మారనప్పుడే నిజమని చెప్పండి. ఆ 12 అన్నది 4వ సెకను దగ్గరి త్వరణం మాత్రమే. మొదట్లో అది −12. కాబట్టి వేగాన్ని నేరుగా స్థానం నుంచే తీసుకోవాలి: వి = 3టి² − 12టి + 9, 4 దగ్గర 9 మీ/సె.

దూరానికి కూడా ఇక్కడ చక్కని అంశం ఉంది. వేగం 1వ సెకను దగ్గర, 3వ సెకను దగ్గర సున్నా అవుతుంది, అంటే కణం రెండుసార్లు వెనక్కి తిరుగుతుంది. స్థానాలు వేసుకుంటే 0 దగ్గర 0, 1 దగ్గర 4, 3 దగ్గర మళ్లీ 0, 4 దగ్గర 4. తిరిగిన దూరం 4 + 4 + 4 = 12 మీటర్లు, స్థానభ్రంశం 4 మీటర్లే. సగటు వడి 3, సగటు వేగం 1. 2కూ 3కూ మధ్య త్వరణం ధనమే అయినా కణం నెమ్మదిస్తుంది, ఎందుకంటే అప్పుడు వేగం ఋణంగా ఉంది. పదం_పదార్థం గారు చెప్పినదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఎడిసన్_నాన్న

మా అమ్మాయితో ఆ నాలుగు స్థానాలనూ గీత మీద గుర్తు పెట్టించాను. కణం ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోవడాన్ని వేలితో చూపించింది. 57 ఎందుకు తప్పో ఆ తరవాత తనే చెప్పింది.

తుంగభద్ర

వెన్నెల మొదటి ప్రశ్న దగ్గరికి ఒకసారి తిరిగి వస్తాను, ఎందుకంటే ఆ అమ్మాయికి న్యాయం పూర్తిగా జరగలేదు. “వదిలారు కాబట్టి తొలివేగం సున్నా” అన్న ఆలోచనను అందరం తప్పు అన్నాం. బెలూన్‌లో కూర్చున్న మనిషి దృష్టితో చూస్తే అది పూర్తిగా ఒప్పు. అతనికి రాయి సున్నా వేగంతోనే మొదలై కిందికి పోతుంది; 5 సెకన్లలో 5 × 25 = 125 మీటర్లు దిగుతుంది. అదే 5 సెకన్లలో బెలూన్ ఇంకో 50 మీటర్లు పైకి పోయి 75 + 50 = 125 మీటర్ల ఎత్తులో ఉంటుంది. రెండూ సరిపోయాయి. జరిగిన పొరపాటు ఒక్కటే: తొలివేగాన్ని బెలూన్ మీది నుంచి కొలిచి, 75 మీటర్లను నేల మీది నుంచి కొలిచి, రెండింటినీ ఒకే సమీకరణంలో వేయడం. బెలూన్ మీది నుంచి చూసేవాడికి నేల నిలకడగా లేదు, సెకనుకు 10 మీటర్ల చొప్పున దూరమవుతూ ఉంది. అతని సమీకరణం 75 + 10టి = 5టి². చూడండి, అదే వర్గసమీకరణం వచ్చింది.

వెన్నెల_ఎంపీసీ

ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేను రాసినదానిలో కొంత నిజం ఉందని ఎవరూ ఇంతవరకు చెప్పలేదు. ఆ ధైర్యంతో పుస్తకంలో నేను వదిలేసిన లిఫ్టు లెక్క చేశాను, సరిచూడగలరు. 2 మీ/సె² త్వరణంతో పైకి పోతున్న లిఫ్టు పైకప్పు నుంచి ఒక బోల్టు ఊడింది. పైకప్పుకూ లిఫ్టు నేలకూ మధ్య ఎత్తు 2.4 మీటర్లు. బోల్టు ఎంతసేపటికి లిఫ్టు నేలను తాకుతుంది?

లిఫ్టులో నిలబడి చూస్తున్నాను, కిందివైపు ధనం అని గీత పక్కన రాసుకున్నాను. ఊడే క్షణంలో బోల్టుకూ లిఫ్టుకూ వేగం ఒకటే కాబట్టి, లిఫ్టు నుంచి చూస్తే తొలివేగం సున్నా. బోల్టు కిందికి 10, లిఫ్టు పైకి 2, కాబట్టి లిఫ్టు నుంచి చూసిన త్వరణం 12. 2.4 = 6టి², టి² = 0.4, టి సుమారు 0.63 సెకను. లిఫ్టు వేగం ఎంతో ప్రశ్నలో ఇవ్వలేదని నేను ఈ లెక్కను వదిలేశాను. అది అక్కర్లేదని ఇప్పుడు తెలిసింది.

తుంగభద్ర

పూర్తిగా సరిగ్గా ఉంది. దీనికే ఇంకొక్క ప్రశ్న చేరుస్తాను: బోల్టు ఊడిన క్షణంలోనే లిఫ్టు తాడు కూడా తెగి, ఏ ఆటంకమూ లేకుండా లిఫ్టు పడిపోతుంటే?

వెన్నెల_ఎంపీసీ

అప్పుడు లిఫ్టు త్వరణం కూడా కిందికి 10. లిఫ్టు నుంచి చూసిన బోల్టు త్వరణం 10 − 10 = 0, తొలివేగమూ సున్నా. 2.4 = 0 అని వస్తోంది, అలాంటి టి ఏదీ లేదు. లిఫ్టు పడుతున్నంతసేపూ బోల్టు పైకప్పు దగ్గరే ఉంటుంది.